రాగం గుర్తుపట్టే పరీక్షకు ఏది మేలు: పదేపదే వినడమా, పాడుకోవడమా?

హన్మకొండలో నా దగ్గర కర్ణాటక సంగీతం నేర్చుకునే పిల్లల్లో కొందరికి బడిలో శ్రవణ పరీక్ష ఉంటుంది. రెండు మూడు నిమిషాల సంగీతం వినిపిస్తారు. అది ఏ రాగమో, ఏ తాళమో, వాయించిన వాద్యం ఏదో రాయాలి. దీనికి ఫోనులో కీర్తనలు పెట్టుకొని పదేపదే వినేవారు కొందరైతే, తంబూర శ్రుతి పెట్టుకొని స్వరాలు పాడుకునేవారు మరికొందరు.

రాగం విషయంలో నేను నిస్సందేహంగా పాడుకోవడం వైపే ఉంటాను. నిరుడు తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె ముత్తుస్వామి దీక్షితుల ‘వాతాపి గణపతిం’ మొదలుకాగానే హంసధ్వని అని చెప్పేసేది. అదే రాగంలో, సాహిత్యం లేకుండా, నేను వయొలిన్ మీద నాలుగు స్వరకల్పనలు (అప్పటికప్పుడు అల్లే స్వరాల వరుసలు) వాయిస్తే మోహనం అని రాసింది. ఆమె చెవి పట్టుకున్నది పాటనే గాని రాగాన్ని కాదు. ఈ రెండు రాగాల్లోనూ స, రి, గ, ప ఒక్కటే. అయిదో స్వరం మోహనంలో చతుశ్రుతి ధైవతం (ద), హంసధ్వనిలో కాకలి నిషాదం (ని). అందుచేత పంచమం (ప) దాటి పైకి వెళ్ళేటప్పుడు ఏమి జరుగుతుందో గమనిస్తే చాలునని చెప్పి, ‘గపదస’, ‘గపనిస’ అని ఒకదాని వెంట ఒకటి నిదానంగా పాడించాను. మూడో రోజు నిషాదం మీద ఆగి, “టీచర్, ఇది పై షడ్జమాన్ని (స) ఆనుకొనే ఉంది కదా!” అంది. ఆ దగ్గరితనం గొంతుకు తెలిసిన తరువాత ఆమె ఆ రెండు రాగాల దగ్గర తడబడలేదు.

29వ మేళకర్త (జనక రాగం) శంకరాభరణానికీ, 65వ మేళకర్త కళ్యాణికీ మధ్యమం (మ) ఒక్కటే తేడా కాబట్టి అక్కడ కూడా ఇదే పద్ధతి పనికివస్తుంది. అయితే వినిపించిన ముక్కలో మధ్యమం వచ్చేదాకా ఓపిక పట్టాలి. తొందరపడి రాసి మార్కులు పోగొట్టుకునే పిల్లలను చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది.

వాద్యాల సంగతి వేరు. వీణ మీటిన నాదం క్రమంగా సన్నగిల్లడం, వయొలిన్ కమాను సాగినంతసేపు స్వరం నిలవడం, ఘటం మట్టిధ్వనికీ కంజీర తోలుధ్వనికీ ఉన్న తేడా ఎంత పాడినా తెలియవు. వాటికి రికార్డింగులే మేలు, అదీ ఒక్కొక్క వాద్యాన్ని విడిగా వింటేనే.

తాళానికి చెయ్యి కదలాలి. ఆదితాళం 8 అక్షరాలు (తాళంలో లెక్కలు), మిశ్రచాపు 7, ఖండచాపు 5 అని కంఠస్థం చేసినంత మాత్రాన వినగానే పోల్చుకోలేరు. పల్లవి ఎప్పుడూ తాళం మొదటి దెబ్బతోనే ఎత్తుకుంటుందనుకోవడం కూడా పొరపాటే. కనుక పాట వింటూ తొడ మీద తాళం వేసి, రెండు మూడు ఆవర్తాలు (తాళం పూర్తి చుట్లు) చేతితో కలిసి వచ్చాకనే జవాబు రాయాలి.

పరీక్షకు రెండు నెలల గడువుంటే రోజూ ఇరవై నిమిషాలు స్వరాలు పాడుకొని, పది నిమిషాలు వాద్యాలు వినమంటాను. వారమే మిగిలితే కొత్త రాగాల జోలికి పోకుండా, పొరబడుతున్న జంటలను మాత్రమే పాడుకోవాలి. సాయంత్రం ఇంట్లో అక్కో అన్నో రాగం పేరు చెప్పకుండా ముక్కలు వినిపిస్తుంటే కాగితం మీద జవాబులు రాసి సరిచూసుకోవాలి.