లండన్ పార్లమెంటుకు స్కాట్లాండ్ ప్రభువు ఏ దారిన వెళ్తే మేలు?

1707లో స్కాట్లాండ్ ఇంగ్లండ్‌తో కలిసిపోయాక అక్కడి భూస్వామ్య ప్రభువులకు పెద్ద చిక్కు వచ్చిపడింది. ఎడిన్‌బరో పార్లమెంటులో బిరుదే సీటు. లండన్ ప్రభువుల సభలో మాత్రం 150కి పైగా ఉన్న వాళ్లందరికీ కలిపి దక్కినవి 16 సీట్లు. పోనీ ఎన్నికైన సభ్యులుండే దిగువ సభ కామన్స్‌కు పోటీ చేద్దామా అంటే స్కాటిష్ ప్రభువుకు ఆ హక్కే లేదు. ఎస్టేటు ఎంత పెద్దదైనా మిగిలినవి రెండే దారులు: ఆ 16 మందిలో ఒకడిగా, అంటే ప్రతినిధి ప్రభువుగా, ఎన్నిక కావాలి, లేదా కొత్తగా బ్రిటిష్ బిరుదు సంపాదించాలి.

మొదటిది చూడటానికి గౌరవంగా కనిపిస్తుంది. పార్లమెంటు కొత్తగా ఏర్పడిన ప్రతిసారీ ప్రభువులు ఎడిన్‌బరోలోని హోలీరూడ్ ప్రాసాదంలో చేరేవారు. వరసగా పేర్లు పిలిచేవారు. రాలేనివాడు సంతకం చేసిన జాబితా పంపొచ్చు, లేదా తన బదులు ఓటేయడానికి ఇంకొకరికి ప్రాక్సీ ఇవ్వొచ్చు. ఒకరి చేతిలో రెండు ప్రాక్సీలకు మించి ఉండకూడదు. అసలు లోపం ఓట్ల లెక్కలో ఉంది. ప్రతి ఓటరూ 16 పేర్లు రాస్తాడు కాబట్టి సగాని కంటే కాస్త ఎక్కువమంది ఒక్క మాట మీద ఉంటే 16 సీట్లూ వాళ్లవే. అందుకే 18వ శతాబ్దంలో మంత్రివర్గం ముందే ఒక జాబితా సిద్ధం చేసి పంపేది, అదే దాదాపు ఎప్పుడూ గెలిచేది. ఎదురు ఓటేసినవాడి పేరు తర్వాతి జాబితాలో ఉండేది కాదు. ఐర్లాండ్ ప్రతినిధి ప్రభువులకు సీటు జీవితాంతం. వీళ్లకు ఆ పార్లమెంటు ఉన్నంతవరకే.

రెండో దారికి మొదట్లోనే గండి పడింది. హామిల్టన్ 4వ డ్యూక్‌కు 1711లో బ్రాండన్ డ్యూక్ అనే బ్రిటిష్ బిరుదు ఇస్తే, దాని మీద సీటు ఇవ్వబోమని ప్రభువుల సభ 57–52 ఓట్లతో తేల్చేసింది. స్కాట్లు గుంపుగా వచ్చి సభను ముంచేస్తారన్న భయం అది. ఈ అడ్డు 1782 దాకా తొలగలేదు. అయితే 1707కు ముందే ఇంగ్లిష్ బిరుదు పొందిన ఆర్గైల్ డ్యూక్‌కు ఈ బాధ లేదు. 1705లోనే అతను గ్రీనిచ్ ఎర్ల్.

మరి ఆ 70 ఏళ్లూ తెలివైన కుటుంబాలు ఏం చేశాయి? బిరుదు తండ్రికి కాక వారసుడికి ఇప్పించుకున్నాయి. తండ్రి బతికుండగా కొడుకు ఇంకా స్కాటిష్ ప్రభువు కాడు కాబట్టి నిషేధం వర్తించదు. కినూల్ ఎర్ల్ వారసుడు డప్లిన్ 1711 చివర్లో ఇలాగే సభలోకి వచ్చాడు.

బ్యూట్ కుటుంబంలో అన్ని దారులూ కనిపిస్తాయి. 3వ ఎర్ల్ 1737లో ప్రతినిధి ప్రభువయ్యాడు, 1741లో సీటు పోయింది, మళ్లీ దక్కడానికి 20 ఏళ్లు పట్టింది. 1762లో ప్రధాని అయినప్పుడు కూడా అతను కూర్చున్నది ఆ ఎన్నికైన సీట్లోనే. అదే 1761లో భార్య మేరీకి బ్రిటిష్ బిరుదు వచ్చింది, అంటే తల్లి తర్వాత అది కొడుక్కి. ఆ కొడుకు అంతవరకు ఆగలేదు. స్కాటిష్ ప్రభువుల పెద్దకొడుకులకు స్కాట్లాండ్ కామన్స్ సీట్లు 1832 దాకా నిషిద్ధం కాబట్టి ఇంగ్లండ్‌లోని బాసినీ నుంచి కామన్స్‌కు వెళ్లాడు, 1776లో కార్డిఫ్ బారన్ అయ్యాడు. నా లెక్కలో ముగ్గురిలో పకడ్బందీగా నడిచింది కొడుకే.

1782 తర్వాత తూకం పూర్తిగా మారింది. బ్రిటిష్ బారన్ బిరుదు చిన్నదే కావచ్చు, కానీ అది వంశానికి నిలిచిపోయే సీటు, ఏ మంత్రి జాబితా కోసమూ ఎదురుచూడక్కర్లేదు. పైగా 1793 నుంచి ఆ బిరుదున్నవాళ్లు హోలీరూడ్‌లో ఓటు కూడా వేయొచ్చు. తర్వాత భారత గవర్నర్ జనరల్ అయిన డల్హౌసీ సంగతే చూడండి: 1837లో హాడింగ్టన్‌షైర్ నుంచి కామన్స్‌కు గెలిచాడు, మరుసటి ఏడు తండ్రి పోగానే, తండ్రికి 1815లో వచ్చిన బ్రిటిష్ బిరుదుతో నేరుగా ప్రభువుల సభలోకి వెళ్లాడు.

ఆ బిరుదు పుట్టుకతో రానివాడికి విదేశీ కొలువు మంచి మెట్టు. తెలుగు జిల్లాలున్న మద్రాసు ప్రెసిడెన్సీకి 1866 నుంచి 1872 దాకా గవర్నరుగా ఉన్న 10వ లార్డ్ నేపియర్, వైస్రాయ్ మేయో హత్య తర్వాత కొన్నాళ్లు తాత్కాలిక వైస్రాయ్‌గా పనిచేసి, 1872లోనే ఎట్రిక్ బారన్ అయ్యాడు. 1883లో స్కాట్లాండ్ కొండప్రాంతపు చిన్న కౌలుదార్ల కష్టాలపై వేసిన కమిషన్‌కు అధ్యక్షుడు ఆయనే; క్రాఫ్టర్లు అనే ఆ కౌలుదార్ల కోసం 1886 క్రాఫ్టర్ల చట్టం దాని వెనకాలే వచ్చింది.

కాబట్టి 1782కు ముందైతే వారసుడికి బిరుదు, తర్వాతైతే ఎవరికైనా బ్రిటిష్ బిరుదే మేలు. అది ఎంతకీ దొరకనివాడికే హోలీరూడ్ ఎన్నిక. 1963 చట్టం స్కాటిష్ ప్రభువులందరికీ సీటు ఇవ్వడంతో ఆ ఎన్నిక రద్దయింది. బిరుదు వదులుకునే వీలు కూడా ఆ చట్టంలోనే ఉంది. అదే ఏడు హోమ్ 14వ ఎర్ల్ ప్రధాని పదవిలో ఉండగా బిరుదు వదిలి, కిన్రాస్–పశ్చిమ పెర్త్‌షైర్ ఉపఎన్నికలో గెలిచి కామన్స్‌లో కూర్చున్నాడు.