వానలో ఫ్యామిలీ ట్రిప్పు: ఫోన్ చాలా, కెమెరా మోయాలా?

జూన్ చివర్లో ముసురు పట్టిందంటే చాలు, తెలిసినవాళ్ల నుంచి ఒకటే ప్రశ్న. "అరకు వెళ్తున్నాం, పిల్లలూ పెద్దవాళ్లూ ఉన్నారు, వాన పడేలా ఉంది. కెమెరా తెచ్చుకోమంటారా, ఫోన్ సరిపోతుందా?" అడిగేవాళ్ల దగ్గర మంచి ఫోనే ఉంటుంది. ఎప్పుడో ముచ్చటపడి కొన్న కెమెరా, దానితో వచ్చిన కిట్ లెన్సు, ఒక జూమ్ లెన్సు కూడా బీరువాలో ఉంటాయి. కొత్తగా కొనాలనుకునేవాళ్లు వాటర్‌ప్రూఫ్ చిన్న కెమెరాల సంగతి కూడా అడుగుతారు. సెన్సర్ సైజులు, మెగాపిక్సెళ్లు అందరికీ తెలిసినవే, వాటి జోలికి పోను.

నా లెక్కలో తేల్చాల్సింది ఒక్కటే: ఎన్ని చేతులు ఖాళీగా ఉంటాయి? వానలో కుటుంబంతో బయల్దేరితే మనకు మిగిలేది ఒక్క చెయ్యి. రెండోది గొడుగుకో, పిల్లాడికో, మెట్ల దగ్గర అమ్మ మోచేతికో పోతుంది. కుంతాల జలపాతం చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు, పైన కారు ఆపి కిందికి వందల మెట్లు దిగాలి, తడిస్తే అవి జారతాయి. అక్కడ మెడలో కెమెరా ఊగుతుంటే ఫొటో సంగతి తర్వాత, ముందు కెమెరాని కాపాడుకోవడమే పని. ఒక చేత్తో బాడీ పట్టుకోవాలి, ఇంకో చేత్తో జూమ్ తిప్పాలి. మూత తీసి జేబులో వేసుకోవాలి, అద్దం మీద తుంపర పడితే తుడవాలి. ఇదంతా అయ్యేసరికి మావాళ్లు మొక్కజొన్న పొత్తుల బండి దగ్గరుంటారు.

ఫోన్‌కి ఈ గొడవ లేదు. అయితే తడిసిన టచ్ స్క్రీన్‌ని మాత్రం నమ్మకూడదు. చినుకు పడితే అదీ వేలే అనుకుని ఎక్కడో ఫోకస్ చేసి కూర్చుంటుంది. అందుకే ఇంట్లోనే రెండు పనులు చేసుకోవాలి. చాలా ఫోన్లలో పవర్ బటన్ రెండుసార్లు నొక్కితే కెమెరా తెరుచుకునే సెట్టింగ్ ఉంటుంది, అది ఆన్ చేసుకోవాలి. క్లిక్ చేయడానికి వాల్యూమ్ బటన్ అలవాటు చేసుకోవాలి. మణికట్టుకి ఒక తాడు కట్టుకుంటే ఇక గొడుగు కింద నుంచే పని జరిగిపోతుంది. చొక్కా జేబులో కళ్లజోడు తుడిచే గుడ్డ మాత్రం ఉండాలి. వానలో ఫోన్ ఫొటోలు చెడిపోవడానికి సగం కారణం లెన్సు మీద వేలి జిడ్డు, దాని మీద నీటి చుక్క.

ఐపీ 68 (నీళ్లు, దుమ్ము తట్టుకుంటుందని చెప్పే పరీక్ష గుర్తు) అని రాసి ఉంది కదా అని జలపాతం కిందికి తీసుకెళ్లేవాళ్లకు ఒక మాట. ఆ పరీక్ష కదలని మంచినీళ్లలో, కొత్త ఫోన్ మీద చేస్తారు. వాడేకొద్దీ, కిందపడేకొద్దీ ఆ రక్షణ తగ్గుతుంది. నీళ్లు పోయి పాడైతే మామూలు వారంటీ చాలామటుకు వర్తించదు. చినుకులకు భయం లేదు, ధార కిందికి వద్దు. తడిసిన ఫోన్‌ని కార్లోకి రాగానే చార్జింగ్‌కి పెట్టొద్దు.

మబ్బు పట్టిన రోజు ఫొటోలకు పనికిరాదన్నది అపోహే. ఎండలో ఆకుల మీద తెల్ల మచ్చలు, మొహాల మీద నల్ల నీడలు పడతాయి. మబ్బు వెలుతురులో ఆ రెండూ ఉండవు. అనంతగిరి కాఫీ తోటల్లో సిల్వర్ ఓక్ చెట్లకు మిరియాల తీగ పాకి ఉంటుంది. వాన వెలిశాక ఆ తీగ దగ్గర నిలబడి చూడండి, ఎండాకాలంలో ఆ ఆకుపచ్చ దొరకదు. ఫొటోని పాడుచేసేది తెల్లటి ఆకాశం, దాన్ని ఫ్రేములో వీలైనంత తగ్గించాలి. వంజంగి మబ్బుల్లోనో, లంబసింగి మంచులోనో తీసినప్పుడు ఫోనైనా కెమెరా అయినా తెలుపుని చూసి కంగారుపడి ఫొటోని బూడిదరంగు చేస్తాయి. ఎక్స్‌పోజర్, అంటే ఫొటో వెలుతురు, ఒక మెట్టు పెంచితే మంచు మళ్లీ మంచులా కనిపిస్తుంది.

ఇక్కడ కెమెరాకి న్యాయంగా ఒక మార్కు వేయాలి. తడి ఆకు అద్దంలా మెరుస్తుంది, ఆ మెరుపు కింద అసలు రంగు దాక్కుంటుంది. లెన్సు ముందు పోలరైజర్ ఫిల్టర్ బిగించి కొంచెం తిప్పితే మెరుపు పోయి రంగు బయటపడుతుంది. తర్వాత ఏ యాప్‌తోనూ ఇది సరిగ్గా రాదు. ఫోన్ ముందు అదే ఫిల్టర్ పట్టుకుని తీయొచ్చు కానీ, మళ్లీ రెండో చెయ్యి కావాలి!

విశాఖ నుంచి అరకు రైల్లో వెళ్తుంటే మాత్రం ఫోనే. కిటికీ అద్దానికి ఫోన్ వీపుని పూర్తిగా ఆనించి తీస్తే లోపలి లైట్లు, మన మొహాలు అద్దంలో కనిపించవు. అద్దం మీద చుక్కల మధ్య కాస్త ఖాళీ చూసుకుని ఆనిస్తే చాలు. పెద్ద లెన్సుని అలా ఆనించడం కష్టం, రైలు ఊపుకి ఠంగుమంటుంది.

జలపాతం పాలలా జారుతున్నట్టు రావాలంటే కెమెరా, ట్రైపాడ్ ఉండాల్సిందేనా? ఐఫోన్లో లైవ్ ఫొటో తీసి తర్వాత లాంగ్ ఎక్స్‌పోజర్ ఎంచుకుంటే ఇంట్లో చూసుకోవడానికి సరిపడా వస్తుంది. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలోనూ ఇలాంటి ఏర్పాటు ఉంది. కటికి దగ్గరో, బొగత దగ్గరో తుంపరలో లెన్సు మార్చడం కంటే ఇది మేలు.

పక్షుల దగ్గరికి వచ్చేసరికి నా చేతుల లెక్కే కెమెరా వైపు తిరుగుతుంది. కొల్లేరులో ఆటపాక పడవ ఎక్కితే అందరూ కూర్చునే ఉంటారు. పిల్లలు లైఫ్ జాకెట్లలో వాళ్లమ్మ పక్కన ఉంటారు, జారే మెట్లు లేవు. రెండు చేతులూ మనవే. గూడబాతులు ఎక్కువగా ఉండే అక్టోబరు, నవంబరు నెలలంటే వాయుగుండాల కాలం కూడా, ఆకాశం మూసుకునే ఉంటుంది. ఆ వెలుతురులో ఎగిరే పక్షిని ఫోన్‌తో పది, ఇరవై రెట్లు జూమ్ చేస్తే ఈకలు ఈకల్లా రావు, రంగు పూసినట్టు వస్తాయి. 250, 300 మిల్లీమీటర్ల మామూలు జూమ్ లెన్సు చాలు. షట్టర్ స్పీడ్ సెకనులో వెయ్యో వంతు పెట్టి, ఐఎస్ఓ (వెలుతురుకి కెమెరా స్పందించే స్థాయి) ఆటోలో వదిలేయండి. అది 3200 దాటినా కంగారుపడొద్దు. గరుకుగా ఉన్న ఫొటో అయినా చూడబుద్ధవుతుంది, కదిలిపోయిన ఫొటో కాదు. గుంటూరు దగ్గర ఉప్పలపాడులో పక్షులు ఇంకా దగ్గరగా కనిపిస్తాయి, అక్కడ దూరాన్ని దగ్గర చేసే మంచి టెలి లెన్సున్న ఫోన్‌తో కూడా గడుస్తుంది. నేలపట్టుకి మాత్రం కెమెరా ఉండాల్సిందే.

కెమెరా తీసుకెళ్తే ఏసీ కార్లోంచి దిగి వెంటనే బ్యాగు తెరవకండి. చల్లటి లెన్సుకి బయటి ఉక్క తగలగానే ఆవిరి పట్టేస్తుంది, ఎంత తుడిచినా మళ్లీ పడుతుంది. చేరడానికి పావుగంట ముందు ఏసీ ఆపేసి కిటికీలు దించితే చాలు. వెనక సీట్లో వాళ్లు సణుగుతారు, సణగనివ్వండి.

వాటర్‌ప్రూఫ్ చిన్న కెమెరాల్లో ఓఎం సిస్టమ్ కంపెనీ టీజీ-7 లాంటివి 15 మీటర్ల లోతు నీళ్లకూ తట్టుకుంటాయి, పిల్లల చేతికి ఇవ్వొచ్చు. టీజీ-7 సెంటీమీటరు దూరం నుంచి ఫోకస్ చేస్తుంది కాబట్టి ఆరుద్ర కార్తెలో చేలో కనిపించే ఎర్రటి ఆరుద్ర పురుగు వెల్వెట్ నూగు పోగుపోగునా కనిపిస్తుంది. చవక ఫోన్లలో మాక్రో (మరీ దగ్గర్నుంచి తీసేది) పేరుతో ఇచ్చే 2 మెగాపిక్సెళ్ల కెమెరా దీని దరిదాపులకు రాదు. కానీ టీజీ-7కి జూమ్ తక్కువ, పక్షులకు పనికిరాదు. పురుగులు, పువ్వుల పిచ్చి ఉంటేనే కొనండి.

బ్రిడ్జ్ కెమెరాలకు (లెన్సు మార్చే వీలు లేనివి) జూమ్ ఎక్కువే గానీ సెన్సర్ చిన్నది, మబ్బులో నీరసపడతాయి. యాక్షన్ కెమెరా వీడియోలకు. వానలో డ్రోన్ ఊసే వద్దు.

కాబట్టి అరకు, కుంతాల, బొగత అయితే నేను ఫోన్‌తోనే వెళ్తాను. కొల్లేరు, నేలపట్టు అయితే కెమెరా, ఒక్క జూమ్ లెన్సు, పైన కప్పడానికి హోటల్లో ఇచ్చే షవర్ క్యాప్. కెమెరా ఇంట్లో ఉండిపోయే నెలల్లో దాన్ని తోలు కేసులో పెట్టి బీరువాలో దాచకండి, తేమ పట్టి లెన్సు లోపల ఫంగస్ వస్తుంది. గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ వేసి పెట్టండి, గింజల రంగు మారినప్పుడు మార్చండి. బియ్యం డబ్బాలో మాత్రం పెట్టొద్దు, తేమ సంగతి ఏమో గానీ దుమ్ము ఖాయం.