నల్లమల ఘాట్ మీద గేర్ల సైకిలు: చాలాకాలం వాడిన తర్వాత

నల్లమల ఎక్కడానికి సైకిలు కొనాలనుకునేవాళ్లు ముందుగా బరువెంత అని అడుగుతారు. నేను అడగమనేది వేరే: చైన్ తిరిగే పళ్ల చక్రాల్లో ముందు పెడళ్ల దగ్గరున్న చిన్నదానికి పళ్లెన్ని, వెనకున్న పెద్దదానికి పళ్లెన్ని?

నాది స్టీలు ఫ్రేము టూరింగ్ సైకిలు. ఉత్త సైకిలే 14 కిలోలు. వెనక రెండు పక్కల సంచులు, పనిముట్లు, నీళ్లు కలిస్తే 22 దాటుతుంది. కొన్నేళ్లుగా కల్వకుర్తి నుంచి అచ్చంపేట, మన్ననూరు మీదుగా శ్రీశైలం దాకా దీని మీదే పోతున్నా. ఎండలో పోయా, వానలో పోయా, శివరాత్రి ముందు కాలినడకన పోయే శివస్వాముల పక్కన కూడా పోయా. ఆ బరువు నన్నెప్పుడూ ఆపలేదు. గేరు చాలకపోతే మాత్రం మోకాళ్లు ఆపేస్తాయి.

షాపులో ఇచ్చినప్పుడు ముందున్న మూడు చక్రాలకు 48-38-28 పళ్లు, వెనకవాటికి 11 నుంచి 32. అన్నిటికన్నా తేలిక గేరులో పెడల్ ఒక చుట్టు తిరిగితే సైకిలు 1.9 మీటర్లు పోయేది. కల్వకుర్తి, డిండి వైపు పొలాల మధ్య రోడ్లకు ఆ తేలిక చాలు. సంచులు నింపుకుని మన్ననూరు ఘాట్ ఎక్కేటప్పుడు మాత్రం సీటు మీంచి లేచి తొక్కాల్సి వచ్చేది. ముందు 44-32-22, వెనక పెద్దదానికి 34 పళ్లుండే కాసెట్ (వెనక పళ్ల చక్రాల గుత్తి) వేయించా. ఇప్పుడు ఒక చుట్టుకు 1.4 మీటర్లు. నిమిషానికి అరవై చుట్లు తొక్కితే గంటకు 5 కిలోమీటర్లు. నడక కన్నా ఏమంత ఎక్కువ కాదు, కానీ కూర్చునే, మాట్లాడుతూనే మలుపు తర్వాత మలుపు ఎక్కేయొచ్చు. ఈ మార్పుతో పాటు ముందు డీరైలర్‌ను (చైన్‌ను ఒక పళ్ల చక్రం మీంచి ఇంకోదాని మీదికి జరిపేది) కొద్దిగా కిందికి దించాలి, చైన్ కూడా కురచ చేయాలి. చేయించేటప్పుడే ఈ రెండూ అడిగి చూసుకోండి. పై గేరు పోతుందని దిగులొద్దు. దిగుడులో ఎలాగూ ఎవరూ తొక్కరు.

రోజు ఎలా గడుస్తుందో చెప్తే మిగతా సామాను సంగతి తేలిగ్గా అర్థమవుతుంది. అచ్చంపేటలో మేనమామ ఇంట్లో ముందురోజు రాత్రి పడుకుంటా. రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర బండ్లను అడవిలోకి వదలరు. పులులున్న అడవి, ఆ నియమం నూటికి నూరుపాళ్లు సరైనదే. అందుకని చీకటితోనే బయల్దేరి, హాజీపూర్ చౌరస్తా దాటి, ఎండ ఎక్కకముందే ఘాట్ ముగించేలా చూసుకుంటా. ప్లాస్టిక్ సీసాలు అడవిలోకి తీసుకుపోకూడదు కాబట్టి ఫ్రేముకు రెండు స్టీలు సీసాలు. వాటిలో ఒకటి ఉప్పేసిన మజ్జిగ. తిండి అత్త కట్టిచ్చే జొన్నరొట్టె, ఉల్లికారం. దారిలో నమలడానికి పల్లీ పట్టీలు. ఫరహాబాద్ దగ్గర ఆగినప్పుడు సంచి మూత తెరిచి ఉంచకండి, కోతులు క్షణంలో ఖాళీ చేస్తాయి. వాటికి తిండి పెట్టడం కూడా మానండి, ఆ అలవాటుతోనే అవి రోడ్డు మీదికొచ్చి బండ్ల కింద పడుతున్నాయి.

మన్ననూరు నుంచి దోమలపెంట 50 కిలోమీటర్లు పైమాటే. మధ్యలో ఎత్తులూ పల్లాలూ ఆగకుండా వస్తూనే ఉంటాయి. వటవర్లపల్లిలో టీ పోసిచ్చిన పెద్దమ్మ నా టైర్ల వైపు చూసి, "గాలి మంచిగ జూసుకో బిడ్డా, ముంగట అంత అడివే" అంది. నిజమే, ఈ దారిలో మనకు మనమే మెకానిక్.

టైర్ల విషయంలో నాకు ఫిర్యాదు లేదు. 35 మిల్లీమీటర్ల వెడల్పువి, లోపల పంక్చర్ ఆపే పొర ఉన్నవి. ముందు 60, వెనక 70 పీఎస్ఐ కొట్టిస్తా. తారు అంచు దిగి మట్టిలోకి పోతే తుమ్మముల్లు ఏ టైరునైనా పొడుస్తుంది, దానికి మందు లేదు. కానీ ట్యూబు కొనేటప్పుడు మోటార్‌సైకిల్ వాల్వ్ ఉన్నదే కొనండి. సన్న వాల్వ్‌కు పల్లెల్లో గాలి కొట్టేవాళ్లు దొరకరు. ఇది ఉంటే పెట్రోల్ బంకు దగ్గర, ఏ పంచర్ షాపులోనైనా పని అవుతుంది.

నాకు కోపం తెప్పించింది వెనక చక్రం. 36 బదులు 32 స్పోకుల రిమ్ము ఇచ్చారు. టూరింగ్ సైకిలని చెప్పి, క్యారియర్ బిగించుకోవడానికి రంధ్రాలు కూడా పెట్టి, ఆ బరువు మోసే చక్రానికి నాలుగు స్పోకులు మిగుల్చుకోవడం అన్యాయం. గేర్లున్న వైపు స్పోకుల మీదే లాగుడు ఎక్కువ కాబట్టి ఎప్పుడూ ఆ వైపువే తెగుతాయి. అవి మార్చాలంటే కాసెట్ విప్పాలి. విప్పడానికి ప్రత్యేకమైన టూల్ కావాలి, అది మామూలు సైకిల్ షాపుల్లో ఉండదు. స్పోకు తెగిన చక్రం వంకర్లు పోయి బ్రేకుకు రాసుకుంటుంది. ఎక్కేటప్పుడైతే ఓర్చుకోవచ్చు, ఘాట్ దిగుతున్నప్పుడైతే చచ్చే టెన్షన్. ఇప్పుడు వెనక 36 స్పోకుల చక్రం కట్టించా. ఆ తర్వాత ఒక్కటీ తెగలేదు. అయినా సరిపడే పొడవున్న స్పోకులు కొన్ని ఫ్రేముకు టేపేసి చుట్టి ఉంచుతా. కాసెట్ టూల్ సంచి అడుగున పడి ఉంటుంది.

ఇక దిగుడు. దోమలపెంట, ఈగలపెంట దాటాక రోడ్డు కృష్ణ వైపు మెలికలు తిరుగుతూ దిగుతుంది. వానాకాలంలో డ్యామ్ గేట్లు ఎత్తినప్పుడైతే కార్లన్నీ రోడ్డు మీదే ఆగిపోతాయి, ఎవరు ఎప్పుడు తలుపు తీస్తారో తెలీదు. నా సైకిలుకు ఉన్నవి రిమ్ము పట్టుకునే వీ బ్రేకులు. ఎండలో భేష్. తడిసిన రిమ్ముపై మాత్రం నొక్కగానే పట్టవు, చక్రం ఒక చుట్టు తిరిగి నీళ్లు తుడుచుకున్నాకే పడతాయి. ఆ ఒక్క చుట్టే రెండు మీటర్లకు పైన! కాబట్టి వానలో మలుపుకు చాలా ముందే మెల్లగా నొక్కి రిమ్ము ఆరబెట్టాలి. పొడి రోడ్డు మీదా అంతే: లీవర్లు ఒకే బిగువున పట్టుకుని దిగకుండా, గట్టిగా నొక్కి వదిలి, మళ్లీ నొక్కి వదులుతూ రావాలి. లేకపోతే రిమ్ము వేడెక్కిపోతుంది.

దిగాక బ్రేక్ షూలు విప్పి చూడండి. నల్ల రబ్బరులో మెరిసే చుక్కలు కనిపిస్తాయి. అవి రిమ్ము నుంచి రాలిన అల్యూమినియం ముక్కలు, మధ్యలో ఇసుక రేణువులు. వాటిని పిన్నీసుతో ఒక్కొక్కటే పెకిలించి, రబ్బరు మీద గరుకు కాగితం పెట్టి రుద్దుతా. వదిలేస్తే ప్రతి దిగుడులోనూ ఆకురాయిలా రిమ్మును అరగదీస్తాయి.

వంతెన దాటగానే సున్నిపెంట వైపు మళ్లీ ఎక్కుడు. రోజంతా తొక్కిన కాళ్లకు ఇదే అసలు పరీక్ష. 22 పళ్ల చక్రానికి పెట్టిన డబ్బు మొత్తం నాకు ఇక్కడే వసూలైంది. పొద్దు గుంకకముందే శ్రీశైలం చేరేలా చూసుకోండి, తిరుగు ప్రయాణం మర్నాడు పెట్టుకోండి.

చైన్ గురించి ఒక్క మాట. ఎర్రమట్టి దుమ్ములో జిడ్డు నూనె పూస్తే అది నూరుడు ముద్ద అవుతుంది. పల్చటి నూనె కొద్దిగా వేసి, పైపైన గుడ్డతో పూర్తిగా తుడిచేయాలి. స్టీలు స్కేలు పెట్టి చైన్ కొలవడం నేర్చుకోండి. కొత్త చైన్‌లో ఒక పిన్ను నుంచి దాని తర్వాత వచ్చే 24వ పిన్నుకు 12 అంగుళాలు కచ్చితంగా వస్తుంది. అది అంగుళంలో పదహారో వంతు సాగితే మార్చేయాలి. ఎనిమిదో వంతు దాకా ఆగితే కాసెట్ కూడా పోతుంది, అప్పుడు ఖర్చు ఎన్నో రెట్లు.

మెత్తటి జెల్ సీటు తీసేసి, గట్టిగా ఉండే సన్న సీటు వేశా. అరగంట ప్రయాణానికి మెత్తన బాగుంటుంది, రోజంతా కూర్చోవడానికి కాదు. ఫ్రేము మీద రంగు కొంచెం లేచింది తప్ప ఎక్కడా పగులు లేదు. ఈ స్టీలును నేను నమ్ముతా. ఇలాంటి సైకిలే మళ్లీ కొంటానా అంటే కొంటా, కానీ డిస్క్ బ్రేకులు, వెనక 36 స్పోకులు ఉన్నదే. ఇప్పటికైతే ముందు రిమ్ము అంచున అరుగుదల చూపే గీత దాదాపు చెరిగిపోయింది. దసరా తర్వాత సీతాఫలాల కాలంలో మళ్లీ ఘాట్ దిగాలి, ఈలోపు దాన్ని మార్పించాలి.