లోగో, ప్యాకెట్ బొమ్మ ఏఐతోనా, ఆర్టిస్టుతోనా: ఏది మేలు?

ట్రేడ్‌మార్క్, జీఎస్టీ పేపర్ల కోసం నా దగ్గరకొచ్చే చిన్న వ్యాపారులు ఈమధ్య పనిలో పనిగా ఒకటే అడుగుతున్నారు. "లోగో చాట్‌జీపీటీలో చేసేసుకున్నాం సార్, చాలదా? మళ్లీ డిజైనర్‌కి డబ్బులెందుకు?" మన విశాఖలో గాజువాక కర్రీ పాయింట్ ఆయన నుంచి ఎంవీపీ కాలనీ బొటిక్ ఆవిడ దాకా అందరిదీ ఇదే ప్రశ్న. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పేకన్నా రాసి పెడితే పోతుందని ఇది.

ఖర్చు, టైము చూస్తే పోటీయే లేదు. ఏఐ నిమిషంలో బొమ్మ చేతిలో పెడుతుంది. డిజైనర్ దగ్గర వారం పడుతుంది, మధ్యలో "పండగ తర్వాత ఇస్తానండి" అని ఓ మాట కూడా వినాలి. అందుకే వాట్సాప్ స్టేటస్‌లో పెట్టే సంక్రాంతి ఆఫరు, నాలుగు రోజులు వేలాడి దిగిపోయే బ్యానరు లాంటివాటికి ఏఐ చాలు. నేనూ వాడతాను. టెంప్లేట్ యాప్‌ల గురించి పెద్దగా చెప్పడానికేం లేదు. మీరు వాడిన టెంప్లేటే పక్కవీధి షాపువాళ్లూ వాడుకోవచ్చు. పుట్టినరోజు కార్డుకి సరే, లోగోకి వద్దు.

అసలు తేడా తెలిసేది వ్యాపారం నిలదొక్కుకున్నాక. పూర్ణా మార్కెట్లో మీ ప్యాకెట్ పక్కనే అచ్చం అదే బొమ్మతో ఇంకొకడి ప్యాకెట్ కనిపించిందనుకోండి. లాయరు దగ్గరకు పరిగెత్తితే ఆయన ముందుగా అడిగేది, "ఈ బొమ్మ మీద హక్కు మీదేనా? కాగితమేదైనా ఉందా?" అని. నా లెక్కలో మొత్తం వ్యవహారం ఇక్కడే తేలుతుంది.

ఏఐ బొమ్మ సంగతి చూద్దాం. మన 1957 కాపీరైట్ చట్టానికి 1994లో చేసిన సవరణ ప్రకారం, కంప్యూటర్‌తో పుట్టిన కళాకృతికి దాన్ని తయారు చేయించిన వ్యక్తే కర్త. ఇది చెప్పగానే "అయితే నేనే కదా" అంటారు అందరూ. కానీ అది ఇలాంటి ఏఐ ఎవరి ఊహలోనూ లేని రోజుల్లో రాసిన మాట. పైగా కాపీరైట్ నిలబడాలంటే అందులో నైపుణ్యం, విచక్షణ, కాస్తయినా సృజన ఉండాలని ఈస్టర్న్ బుక్ కంపెనీ కేసులో 2007లోనే సుప్రీంకోర్టు చెప్పింది. "మాడుగుల హల్వాకి మంచి లోగో ఇవ్వు" అని ఒక్క లైను కొట్టినందుకు అందులో మన నైపుణ్యం ఎంతని చూపిస్తాం? అమెరికాలో అయితే కర్త మనిషే అయి ఉండాలని, ఏఐ గీసిన బొమ్మకు కాపీరైట్ అడిగిన థేలర్ కేసులో అప్పీలు కోర్టు 2025 మార్చిలో తేల్చేసింది. ఉత్త ప్రాంప్టులు (ఏఐకి రాసిచ్చే ఆదేశాలు) ఇచ్చినంత మాత్రాన హక్కు రాదని అక్కడి కాపీరైట్ ఆఫీసు అంతకు రెండు నెలల ముందే రిపోర్టు ఇచ్చింది. అమెరికా గొడవ మనకెందుకంటారా? మనవాళ్ల పచ్చళ్లు డల్లాస్ దాకా పోతున్నాయి. అక్కడెవరైనా కాపీ కొడితే అక్కడి చట్టమే చూస్తారు.

ట్రేడ్‌మార్క్ దారి వేరు. వ్యక్తులకు, చిన్న సంస్థలకు ఆన్‌లైన్‌లో దరఖాస్తు ఫీజు క్లాసుకి (అంటే ఒక్కో రకం సరుకుకి) 4,500 రూపాయలు, వస్తే దరఖాస్తు పెట్టిన రోజు నుంచి పదేళ్లు ఉంటుంది. అక్కడ లోగో ఎవరు గీశారన్నది పెద్ద అడ్డంకి కాదు, ముఖ్యంగా ఇంకొకరి గుర్తులా ఉండకూడదు. అయితే ఏఐ తడబడేదీ సరిగ్గా అక్కడే. అరకు కాఫీకి లోగో అడగండి: ఓ కొండ, వెనకాల సూర్యుడు, కప్పు మీద ఆవిరి. మీ తర్వాత అడిగినవాడికీ దాదాపు అదే వస్తుంది.

మరి డిజైనర్‌తో చేయిస్తే హక్కు మన చేతికి వచ్చేసినట్టేనా? కాదు. చాలామందికి తెలియనిది ఇదే. మీ దగ్గర జీతానికి పనిచేసే ఆర్టిస్టు ఉద్యోగంలో భాగంగా గీస్తే వేరే ఒప్పందం లేనంతవరకు హక్కు మీది. బయటివాడికి ఫోన్‌పే కొట్టి గీయిస్తే మాత్రం ఆ రసీదు హక్కుపత్రం కాదు. డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోలు, వేయించుకున్న పెయింటింగుల హక్కు మాత్రం డబ్బిచ్చినవాళ్లదేనని చట్టం మినహాయింపు ఇచ్చింది. లోగో అందులోకి వస్తుందా రాదా అన్న తగువు మీకెందుకు? హక్కు మీకు ఇచ్చేసినట్టు కాగితం రాయించుకోండి. అది రాతపూర్వకంగా ఉండాలి, సంతకం ఉండాలి. ఎంతకాలమో రాయకపోతే ఐదేళ్లే, ఎక్కడెక్కడో రాయకపోతే ఇండియా వరకే అని కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ చెబుతుంది. "పూర్తి కాపీరైట్ కాలానికి, ప్రపంచమంతటికీ" అన్న రెండు ముక్కలు పడకపోతే ఐదేళ్ల తర్వాత కథ మళ్లీ మొదటికొస్తుంది. ఏఐ దగ్గర ఇంత గట్టి కాగితం ఎంత డబ్బు పెట్టినా దొరకదు. నేను డిజైనర్ వైపు మొగ్గేది ఇందుకే.

ఇందులో ఆర్టిస్టుల గోడు కూడా ఉంది. ఫ్లెక్సులొచ్చి బోర్డు పెయింటర్ల పొట్ట కొట్టినప్పుడు కూడా ఇవే మాటలన్నారుగా అంటారు కొందరు. పూర్తిగా అదే కాదు. ఫ్లెక్స్ మెషీన్ పెయింటర్ పని లాక్కుంది గానీ, అతను గీసిన బొమ్మలు చూసి పని నేర్చుకోలేదు. ఏఐ నేర్చుకున్నదే ఆర్టిస్టుల బొమ్మల మీద, అదీ చాలావరకు వాళ్లనడక్కుండా. ఓపెన్‌ఏఐ మీద ఏఎన్ఐ వార్తాసంస్థ 2024 నవంబరులో ఢిల్లీ హైకోర్టుకెక్కింది కూడా ఇలాంటి ఫిర్యాదుతోనే, అక్కడ బొమ్మల బదులు వార్తలు. ఇటు మనూళ్లో గూగుల్ డేటా సెంటర్ వస్తోందని అందరం సంబరపడుతున్నాం, నేనూ పడుతున్నాను. ఆ సంబరంలో ఈ లెక్క ఎవరూ ఎత్తడం లేదు.

ఇక కొనేవాళ్లు. వాళ్లకు కాపీరైట్ అక్కర్లేదు గానీ కళ్లున్నాయి. "హల్వా" అని రాయమంటే ల కింద వ ఒత్తు ఉండాల్సిన చోట తోకలా ఏదో వేలాడుతుంది. మాడుగుల హల్వా తిని పెరిగినవాళ్లు ఆ ప్యాకెట్‌ను తిప్పి చూసి అక్కడే పెట్టేస్తారు. కొత్త మోడళ్లు కొంత నయమే, అయినా ఒత్తులు చూసుకోకుండా ప్రింటింగుకి పంపకండి.

ఏటికొప్పాక బొమ్మలు ఆన్‌లైన్లో అమ్మే ఒకాయన ఏఐతో చేసిన ఫొటోలు నాకు చూపించాడు. ఒకటే ప్లాస్టిక్ మెరుపు. అసలు బొమ్మ అంకుడు కర్రను లేత్ మెషీన్ మీద తిప్పి, ఆ వేడికి లక్క పట్టించి చేసేది. రంగులు చెట్టూ చేమా నుంచి తీసినవి, కళ్లకు కొట్టవు. ఫొటోలోని బొమ్మకేమో విడివిడిగా వేళ్లున్నాయి! గుండ్రంగా తిరిగే కర్రలో వేళ్లెలా వస్తాయి? 2017లో జీఐ (భౌగోళిక) గుర్తింపు తెచ్చుకున్న సరుకుకి ఆ ఫొటో పెడితే పార్సిల్ విప్పినవాళ్లు మోసపోయామనే అనుకుంటారు. పైగా తప్పుదోవ పట్టించే ప్రకటనకు 2019 వినియోగదారుల చట్టం కింద పది లక్షల దాకా జరిమానా వేయొచ్చు. అమ్మే వస్తువు ఫొటో మటుకు మీ ఫోన్‌తో, పగటి వెలుతురులో తీసినా సరే, అసలుదే పెట్టండి.

ఇప్పుడు డిజైనర్లలోనూ చాటుగా ఏఐలో కొట్టి ఇచ్చేసేవాళ్లున్నారు. అలాంటప్పుడు పైన చెప్పిన కాగితం రాయించుకున్నా అనుమానమే మిగులుతుంది. అందుకని అడ్వాన్సు ఇచ్చే ముందే మాట్లాడుకోండి: పెన్సిల్ స్కెచ్‌లు చూపించాలి, పని అయ్యాక సీడీఆర్ ఫైలు (కోరల్‌డ్రాలో చేసిన అసలు ఫైలు) ఇవ్వాలి, ఏఐ వాడితే ఎక్కడ వాడాడో కాగితంలో రాయాలి. ఆ ఫైలుంటే రేపు పదడుగుల బోర్డు వేయించినా అంచులు చెదరవు. ఇవి అడిగినందుకు మొహం చిట్లించేవాడికి నేనైతే పని ఇవ్వను.