వైట్‌ఫీల్డ్‌లో ఒక సమ్మిళిత పాఠశాల: హైస్కూలు విభాగంపై సమీక్ష

ఆటిజం ఉన్న మా అబ్బాయి బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లోని ఒక సమ్మిళిత పాఠశాలలో, అంటే ప్రత్యేక అవసరాలున్న పిల్లలూ తక్కినవారూ కలిసి చదివే బడిలో, హైస్కూలు చదువుతున్నాడు. అక్కడ తొమ్మిదో తరగతి నుంచి, ప్రత్యేక అవసరాలున్న పిల్లలను బడి తరువాతి జీవితానికి సిద్ధం చేసే విభాగం ఒకటి నడుస్తోంది. పిల్లల గోప్యత దృష్ట్యా పాఠశాల పేరు రాయడం లేదు.

ఇక్కడ మొదట మెచ్చుకోవలసింది షాడో టీచర్ (తరగతిలో ఒక పిల్లవాడికి తోడుగా ఉండి సాయపడే టీచర్) అవసరాన్ని క్రమంగా తగ్గించే పద్ధతిని. చాలాచోట్ల షాడో టీచర్ పక్కనే కూర్చుని నోట్సు రాసిపెట్టి, టిఫిన్ డబ్బా మూత కూడా తానే తీస్తుంది. తోటి పిల్లలు ఏదైనా అడగాలన్నా ఆమెనే అడుగుతారు. ఈ బడిలో ఆమె మొదట వెనుక బెంచీకి, తరువాత తలుపు దగ్గరికి, చివరికి వరండాలోకి మారింది. ఆమె లేని చోట మావాడు ఏం చేయగలిగాడన్నదే ఐఈపీలో, అంటే అతని కోసం విడిగా తయారుచేసిన విద్యా ప్రణాళికలో, రాస్తారు.

బీఎంటీసీ (బెంగళూరు సిటీ) బస్సు శిక్షణ కూడా ఇదే పద్ధతిలో సాగుతుంది. ఇంట్లో తెలుగు, తరగతిలో ఇంగ్లీషు వినే పిల్లవాడు కండక్టరును కన్నడంలో టికెట్ అడగాలి. చిల్లర లేదని కండక్టరు టికెట్ వెనుక బాకీ రాసిస్తే, దిగే ముందు దాన్ని అడిగి తీసుకోవాలని కూడా నేర్పారంటే, ఆ పాఠం తయారుచేసినవారు నిజంగా బస్సెక్కే మనుషులేనని నమ్మకం కలిగింది.

చదువు విషయంలో సలహా నిజాయితీగా ఉంది. సీబీఎస్‌ఈలో వైకల్యమున్న విద్యార్థులకు గంటకు 20 నిమిషాల చొప్పున అదనపు సమయం, అవసరమైతే లేఖకుడు దొరుకుతారు. జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ ఎన్‌ఐఓఎస్‌లో అయిదేళ్లలో తొమ్మిది అవకాశాలుంటాయి కనుక సబ్జెక్టులను విడివిడిగా పూర్తిచేయవచ్చు. ఏది ఎవరికి నప్పుతుందో ముందే చెప్పారు.

వృత్తి శిక్షణ మాత్రం నిరాశపరిచింది. మధ్యాహ్న భోజనం కాగానే తక్కినవారు ల్యాబులకు వెళితే, మా పిల్లలు వేరే గదిలో కొవ్వొత్తులు, కాగితపు సంచులు చేస్తారు. అంటే సమ్మిళిత విద్య ఒంటిపూట బడిగా నడుస్తోందన్నమాట. దీపావళికి వాటిని కొనేది మళ్లీ మేమే. లైబ్రరీలో పుస్తకాలను నంబర్ల వరుసలో సర్దే పని మావాడికి ఎంతో ఇష్టమని లైబ్రేరియన్ గమనించి చెప్పేదాకా ఆ విభాగం అతన్ని ఏ పని ఇష్టమని అడగనేలేదు. అమెరికాలో వైకల్యమున్న పిల్లల చదువుకు సంబంధించిన ఐడియా చట్టం ప్రకారం 16 ఏళ్లు వచ్చేసరికి ఐఈపీలో బడి తరువాతి జీవితానికి ప్రణాళిక ఉండాలి, దానిపై జరిగే సమావేశానికి విద్యార్థిని పిలవాలి. ఇక్కడ ఆ సమావేశం జరుగుతున్నంతసేపూ పిల్లవాడు బయట కూర్చుంటాడు. పిలవడానికి ఖర్చేమీ కాదు కదా!

చట్టపరమైన సమాచారం ఇవ్వకపోవడం ఇంకా పెద్ద లోపం. 18 ఏళ్లు నిండితే తల్లిదండ్రులు చట్టరీత్యా సహజ సంరక్షకులు కారు. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్నవారికి అవసరమైతే 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద సంరక్షకులను నియమించమని స్థానిక స్థాయి కమిటీకి దరఖాస్తు చేసుకోవాలి. 2016 వికలాంగుల హక్కుల చట్టం మాత్రం ఆ వ్యక్తితో కలిసి నిర్ణయాలు తీసుకునే పరిమిత సంరక్షకత్వాన్ని ముందుకు తెచ్చింది. ఈ రెండింటిలో ఏది ఎప్పుడు అవసరమో, యూడీఐడీ కార్డు (వికలాంగుల గుర్తింపు కార్డు) ఎందుకో మేము ఇతర తల్లిదండ్రుల ద్వారానే తెలుసుకున్నాము.

మామూలు ఫీజు మీద ఈ విభాగానికి విడిగా రుసుము ఉంది. స్వతంత్రంగా తిరగడం, డబ్బు లెక్క, పరీక్షల ఏర్పాట్లు ముఖ్యమనుకునేవారు నిశ్చింతగా చేర్చవచ్చు. ఉద్యోగ శిక్షణ కోసమే చూసేవారు మాత్రం మధ్యాహ్నం వెళ్లి ఆ గదిని చూసి నిర్ణయించుకోవడం మంచిది.