పద్నాలుగు నెలలుగా నడుస్తున్న ఎన్100 పెట్టె

ఇంట్లో వీడియోలన్నీ ఒక చోట పెట్టి టీవీలకి పంపడానికి ఇంటెల్ ఎన్100 ప్రాసెసర్ ఉన్న చిన్న కంప్యూటర్ ఒకటి కొన్నా, పెట్టె అంటే అదే. ముందే చెప్పేస్తున్నా, పెట్టె బాగుంది, కొనుక్కోవచ్చు. దాని వల్ల వచ్చిన తలనొప్పి దాదాపు లేదు. తలనొప్పంతా ఇన్వర్టరుతోటీ, టీవీ వెనకాల లాన్ పోర్టుతోటీ, మా చెల్లి పెళ్లికి వీడియో తీసినాయన ఇచ్చిన హార్డ్ డిస్కుతోటీ వచ్చింది. అందుకని ఇందులో పెట్టె ఊసు సగమే ఉంటుంది, ఏమనుకోకండి.

మాది పాలకొల్లు పక్కన పల్లెటూరు. పాత మండువా ఇల్లు, గోడలు ఒక్కోటీ రెండడుగుల మందం. టీవీలు మూడు: హాల్లో 4కే, మేడ మీద మామూలుది, నాన్న గదిలో ఎప్పటిదో 32 అంగుళాలది. చూసే సరుకు కూడా మామూలే, మా ఇంట్లో జరిగిన నాలుగు పెళ్లిళ్లు, పాత క్యాసెట్లలోంచి ఎక్కించిన తాతయ్య షష్టిపూర్తి, కాలేజీ రోజుల నుంచి నేను కొని దాచుకున్న రెండొందల పైచిలుకు డీవీడీలు, బ్లూరేలు. నాన్న అడిగింది ఒక్కటే, "ఒరే, ఆ పెన్ డ్రైవులు వెతుక్కోలేక చస్తున్నాను, అన్నీ ఒక చోట పడేసే ఉపాయం ఏదైనా చూడరా."

ముందు మూలన పడున్న పాత డెస్క్‌టాప్‌నే సర్వర్ చేసి, అంటే వీడియోలు దాచి అడిగిన టీవీకి పంపేదానిగా మార్చి, ఆ పని చేసే జెల్లీఫిన్ అనే సాఫ్ట్‌వేర్ వేశా. అలాంటిదే ప్లెక్స్ కూడా బాగుంటుంది గానీ, టీవీ ఆడించలేని వీడియోని అందులో హార్డ్‌వేర్ సాయంతో వేరే రకంలోకి మార్చాలంటే ప్లెక్స్ పాస్ కొనాలి, జెల్లీఫిన్‌లో అదంతా ఉచితం. డెస్క్‌టాప్ బ్రహ్మాండంగా నడిచింది. కాకపోతే ప్లగ్గుకి తగిలించే చిన్న మీటరు పెట్టి చూస్తే ఊరికే ఉన్నప్పుడే 70 వాట్లు లాగుతోంది. రాత్రీ పగలూ ఆన్‌లో ఉండేదానికి 70 వాట్లంటే నెలకి 50 యూనిట్లు, అదీ బిల్లులో పై స్లాబులో పడే 50 యూనిట్లు. రెండో బిల్లు వచ్చిన రోజున అమ్మ గదిలోకొచ్చి, ఒక్క మాట కూడా అనకుండా ప్లగ్గు పీకేసి వెళ్లిపోయింది.

రాస్ప్‌బెర్రీ పై 5 అనే చిన్న బోర్డు కంప్యూటర్ సరిపోదా అని చాలామంది అడుగుతున్నారు. హెచ్‌ఈవీసీ, హెచ్264 అనేవి వీడియోని కుదించి దాచే పద్ధతులు, వాటిని చదివేది డీకోడరు, అందులోకి మార్చేది ఎన్‌కోడరు. అందులో హెచ్‌ఈవీసీ డీకోడర్ ఉంది గానీ హెచ్264కి హార్డ్‌వేర్ డీకోడరూ లేదు, ఎన్‌కోడరూ లేదు, పై 4లో ఉన్నది కూడా తీసేశారు. పాటల సర్వర్‌కైతే పెట్టుకోండి. వీడియో మార్చే పనికి జెల్లీఫిన్ వాళ్లే వద్దంటున్నారు.

చివరికి రెండు మిగిలాయి. ఒకటి, ఆఫీసుల్లో వాడి అమ్మేస్తే సికింద్రాబాద్‌లో కంప్యూటర్ల మార్కెట్ సీటీసీ లాంటి చోట్ల దొరికే సెకండ్ హ్యాండ్ చిన్న పెట్టెలు, ఇంటెల్ ఐ5-8500టీ ప్రాసెసర్ ఉన్నవి. రెండోది కొత్త ఎన్100 మినీ పీసీ. 8500టీ 2018 నాటిది, ఆరు కోర్లు, 35 వాట్ల తరగతి. ఎన్100 వచ్చింది 2023లో, నాలుగు చిన్న కోర్లు, 6 వాట్లు. ఉత్త ప్రాసెసర్ బలం చూస్తే పాతదే మేలు. కానీ ఈ పనిలో చెమటోడ్చేది ప్రాసెసర్ లోపల కూర్చున్న గ్రాఫిక్స్ భాగం, ఇంటెల్ వాళ్లు క్విక్ సింక్ అంటారు దాన్ని. 10 బిట్ హెచ్‌ఈవీసీ రెండిటికీ వచ్చు, ఇంకా కొత్త పద్ధతైన ఏవీ1 చదవడం మాత్రం ఎన్100కే వచ్చు. నా దగ్గర ఏవీ1 ఫైళ్లు పట్టుమని పది లేవు, నిజం చెప్పాలంటే అమ్మ పీకిన ప్లగ్గు గుర్తొచ్చే ఎన్100 తీసుకున్నా. 16 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్‌ఎస్‌డీతో 17 వేల చిల్లర పడింది. ఊరికే ఉంటే 9 వాట్లు, వీడియో మారుస్తుంటే 18 దాకా వెళ్తుంది, పక్కన పెద్ద డిస్కు తిరుగుతుంటే ఇంకో ఐదారు. అన్నీ కలిపినా నెలకి 11 యూనిట్ల చుట్టుపక్కలే.

అసలు ఏ పెట్టె కొనాలో తేల్చేది ఇంట్లో అన్నిటికన్నా చేతకాని టీవీ. ఫైలుని టీవీ ఉన్నదున్నట్టు ఆడించగలిగితే సర్వర్‌కి పనే లేదు, పదేళ్ల నాటి లాప్‌టాప్ కూడా చాలు. ఆడించలేనప్పుడే సర్వర్ ఆ వీడియోని అప్పటికప్పుడు మార్చి పంపాలి, ఆ బరువు కోసమే క్విక్ సింక్. మా హాల్లో టీవీ దాదాపు అన్నీ మింగేస్తుంది. నాన్న గదిలోదానికి హెచ్‌ఈవీసీ అంటే ఏమిటో తెలీదు, పైగా మా ఇంట్లో ఎక్కువ నడిచేది అదే. ఒకేసారి మూడు 4కే ఫైళ్లు 1080పీకి మారుస్తూ చూశా, ఎక్కడా తడబడలేదు. లైనక్స్‌లో వేసేవాళ్లు జెల్లీఫిన్ యూజర్‌ని రెండర్ గ్రూపులో కలపడం మర్చిపోకండి, గ్రాఫిక్స్ భాగాన్ని వాడుకునే అనుమతి ఆ గ్రూపుకే ఉంటుంది. నేను మర్చిపోయి, పని మొత్తం కోర్ల మీద నడుస్తుంటే రెండు రోజులు చిప్పుని తిట్టుకున్నా.

ఇక పెళ్లి వీడియో కథ. వీడియో తీసినాయన ఎడిట్ చేసిన దానితో పాటు కెమెరాలోంచి తీసిన అసలు క్లిప్పులు కూడా డిస్కులో వేసిచ్చాడు. ఎడిట్ చేసింది నాన్నకి నచ్చదు, "డ్రోను తిప్పడమే గానీ మనుషులేర్రా ఇందులో" అంటారు. ఒక ఆదివారం చుట్టాలొస్తే అప్పగింతల క్లిప్పు పెట్టారు. నాలుగు సెకన్లు నడిచి ఆగింది, తెర మధ్యలో గుండ్రం తిరుగుతోంది. చెల్లి ఏడవబోతూ నోరు తెరిచింది, ఆగింది. కాస్త కదిలింది, మళ్లీ నోరు తెరుచుకునే ఆగింది. మావయ్యకి నవ్వు ఆగట్లేదు, చెల్లికి కోపం. సర్వర్‌లో చూస్తే నాలుగు కోర్లూ నూటికి నూరు మీద ఉన్నాయి. ఆ క్లిప్పులు హెచ్264లోనే 10 బిట్ 4:2:2 అనే రకం. ఇప్పటి కెమెరాల్లో మామూలే, రంగులు సరిచేసుకోవడానికి ఎడిటర్లకి బాగుంటుంది. ఎన్100 గ్రాఫిక్స్ దాన్ని చదవలేదు, 8500టీ కొన్నా ఇంతే, మా టీవీలకీ రాదు. చివరికి హ్యాండ్‌బ్రేక్ అనే సాఫ్ట్‌వేర్‌తో రాత్రిళ్లు 8 బిట్‌కి మార్చుకుంటూ కూర్చుంటే వారం పైనే పట్టింది. ఇంట్లో శుభకార్యం ఉన్నవాళ్లు బేరం ఆడేటప్పుడే "టీవీలో నేరుగా ఆడే 8 బిట్ కాపీ కూడా ఇవ్వాలండీ" అని అడిగేయండి, ఆల్బం రేటు గురించి గంట మాట్లాడతాం కదా, దీనికి ఒక్క నిమిషం.

తెలుగు సబ్‌టైటిళ్లు డబ్బాలు డబ్బాలుగా కనపడితే ఫైలు పాడైందనుకోకండి, తెలుగు ఫాంటు లేక అలా వస్తుంది. మండలి గానీ నోటో సాన్స్ తెలుగు గానీ సర్వర్‌లో వేసి, జెల్లీఫిన్ సెట్టింగుల్లో ఫాల్‌బ్యాక్ ఫాంట్ల ఫోల్డరు చూపిస్తే సరి.

కరెంటు సంగతి. మా చుట్టూ రొయ్యల చెరువులు, రాత్రయ్యేసరికి నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లన్నీ వేస్తారు, ఓల్టేజీ దిగిపోతుంది. మొదట్లో కరెంటు పోయిన ప్రతిసారీ ఇన్వర్టరు అందుకునేలోపు సర్వర్ రీస్టార్ట్ అయ్యేది. ఆ రెప్పపాటు ఫ్యాన్లకి తెలీదు, కంప్యూటర్‌కి తెలుస్తుంది. చాలా ఇన్వర్టర్లకి వెనకాల చిన్న స్విచ్ ఉంటుంది, యూపీఎస్ మోడ్, నార్మల్ మోడ్ అని. యూపీఎస్‌లో పెడితే పది మిల్లీసెకన్లలో బ్యాటరీకి మారుతుంది. పెట్టా, రీస్టార్ట్‌లు ఆగాయి, మహా సంబరపడ్డా. అయితే ఆ మోడ్‌లో ఓల్టేజీ 180కి దిగిందంటే చాలు, కరెంటు ఉన్నా సరే బ్యాటరీ మీదికి వెళ్లిపోతుంది. నార్మల్‌లో అయితే 100 దాకా ఓర్చుకుంటుంది. నాలుగో రోజు తెల్లారుజామున బ్యాటరీ అయిపోయి ఇన్వర్టరు కీచుమంటుంటే ఇల్లంతా లేచింది. మళ్లీ నార్మల్‌కే మార్చి, రౌటర్లకి వాడే చిన్న డీసీ యూపీఎస్, 12 వోల్టులు 3 ఆంపియర్లది, పెట్టెకి ఒకటీ డిస్కుకి ఒకటీ తగిలించా. పెట్టె అడాప్టరు 12 వోల్టులది కాబట్టి కుదిరింది. అలాగే బయోస్‌లో, అంటే కంప్యూటర్ ఆన్ అవుతూనే తెరుచుకోగల సెట్టింగుల మెనూలో, కరెంటు రాగానే దానంతటదే ఆన్ అయ్యే సెట్టింగు పెట్టుకోండి, లేకపోతే మీరు ఊళ్లో లేనప్పుడు బటన్ ఎక్కడుందో ఫోన్లో నాన్నకి చెప్పాల్సొస్తుంది.

పెట్టెలో నాకు నచ్చనిది ఫ్యాను. చప్పుడు పెద్దగా లేదు గానీ దుమ్ముకి లోకువ. దాళ్వా నూర్పిళ్లప్పుడు ఊరంతా ఊక ఎగురుతుంది, ఈ ఏప్రిల్‌లో ఊరికే ఉన్నా 83 డిగ్రీలు చూపిస్తోంది. నాలుగు స్క్రూలు తీసి చూస్తే ఫ్యాను రెక్కల మీద పసుపురంగు నూగు బట్టలా అతుక్కుని ఉంది, మూలన ఒక బల్లి గుడ్డు కూడా. పాత టూత్ బ్రష్షుతో దులిపాక 55కి దిగింది.

నెట్‌వర్క్ దగ్గర చేసిన తప్పు చెబుతా. హాల్లో టీవీకి కేబుల్ లాగితే ఢోకా ఉండదనుకుని అటక మీదుగా పాతిక మీటర్లు లాగించా. తీరా ఆ టీవీ లాన్ పోర్టు 100 ఎంబీపీఎస్‌దే, చాలా టీవీలకి అంతే ఉంటుంది. 4కే బ్లూరే ఫైలు బిట్‌రేటు, అంటే సెకనుకి పంపాల్సిన డేటా, 128 ఎంబీపీఎస్ దాకా పోవచ్చు, కాబట్టి యుద్ధం సీన్లు వచ్చేసరికి ఆగి ఆగి నడిచేది. ఇప్పుడు అదే కేబుల్ చివర ఒక వైఫై యాక్సెస్ పాయింట్ పెట్టి, టీవీని 5 గిగాహెర్ట్జ్ మీద కలిపా. కేబుల్ దండగ కాలేదన్నమాట, ఎలుకలు కొరికేదాకా.

డిస్కు 8 టీబీది ఒక్కటే. ఎస్‌ఎంఆర్ రకం (ట్రాకులు ఒకదానిమీదొకటి ఎక్కి ఉండి, మళ్లీ మళ్లీ రాయడంలో నెమ్మదించేవి) డిస్కులు వద్దని భయపెడతారు గానీ, ఒకసారి రాసి వందసార్లు చదివే సినిమాలకి పర్వాలేదు, రెయిడ్‌లో, అంటే రెండు మూడు డిస్కుల్ని కలిపి ఒకటిగా, పెట్టేవాళ్లు మాత్రం ఆ ఇబ్బంది లేని సీఎంఆర్ రకమే తీసుకోండి. నేను రెయిడ్ జోలికి పోలేదు, పెళ్లి వీడియోలకి రెండో కాపీ భీమవరంలో బాబాయ్ ఇంట్లో బీరువాలో ఉంది. హైదరాబాద్‌లో చెల్లి చూడటానికి టెయిల్‌స్కేల్ వాడుతున్నాం, దూరంగా ఉన్న కంప్యూటర్లని ఒకే ఇంటి నెట్‌వర్క్‌లో ఉన్నట్టు కలిపేది, ఎందుకంటే మా ఇంటి కనెక్షన్‌కి సొంత పబ్లిక్ ఐపీ (బయటి నుంచి నేరుగా చేరే చిరునామా) ఇవ్వరు, పోర్టులు తెరిచే దారి లేదు.

ఇప్పుడు కొనేవాళ్లకి ఎన్100 బదులు ఎన్150 ఎక్కువ కనపడుతోంది. క్లాకు కాస్త ఎక్కువ, అంతే, రెండిట్లో ఏది చౌకగా వస్తే అది తీసుకోండి. డబ్బు కట్టేముందు అడాప్టరు మీద 12 వోల్టులని ఉందో 19 అని ఉందో షాపాయన్ని ఫోటో తీసి పంపమనండి, పైన చెప్పిన 12 వోల్టుల చిన్న యూపీఎస్ 19 దానికి కుదరదు.