మైఎస్‌క్యూఎల్ 8.0 రీడ్ ఓన్లీ మోడ్: 5కి 4

2018 అక్టోబరులో తిత్లీ కొట్టినప్పుడు పలాస, మందస వైపు రోజుల తరబడి కరెంటు లేదు. తుపాను లేని రోజుల్లో కూడా శ్రీకాకుళం పల్లెల్లో కరెంటు చెప్పి పోదు. గ్రంథాలయం పుస్తకాల జాబితా, స్పేర్ పార్టుల ధరలు లాంటివి చూపించడానికే పెట్టిన సర్వరైతే, మధ్యలో కరెంటు పోయినా చెడకుండా డేటాను రాయడానికి వీల్లేని డిస్కు మీద ఉంచెయ్యడమే మేలు. డేటాబేస్ సాఫ్ట్‌వేర్ మైఎస్‌క్యూఎల్‌లోని ‘ఇన్నోడీబీ రీడ్ ఓన్లీ’ సెట్టింగు ఆ పని నమ్మకంగా చేస్తుంది (ఇన్నోడీబీ అంటే దాని లోపల డేటాను దాచే ఇంజిను). కష్టమంతా సీలు వేసే ముందే.

యూజర్లు, పాస్‌వర్డులు, గ్రాంట్లు (ఎవరికేం అనుమతో) మామూలు డిస్కు మీద ఉండగానే ఇచ్చెయ్యాలి. ఆ టేబుళ్లూ ఇన్నోడీబీలోనే ఉంటాయి కాబట్టి తర్వాత పాస్‌వర్డు కూడా మారదు. టేబుళ్ల గణాంకాలు తాజా చేసే ఎనలైజ్ టేబుల్ కూడా అప్పుడే కొట్టాలి. ఆపేటప్పుడు ఛేంజ్ బఫరింగ్ (ఇండెక్సు మార్పులను తర్వాతకు దాచిపెట్టడం) తీసేసి, ఫాస్ట్ షట్‌డౌన్ విలువ 0 పెట్టాలి. డిఫాల్టు 1తో ఆపితే పర్జ్ (పాత రికార్డుల శుభ్రం) పని మిగిలిపోతుంది. ఇక కరెంటు పోయి ఆగిపోయిన డైరెక్టరీని కాపీ చేస్తే సర్వరు లేవనే లేవదు. రికవరీ చెయ్యాలంటే రాయాలి, రాయడానికి చోటేదీ?

డైరెక్టరీని స్క్వాష్‌ఎఫ్‌ఎస్ (చదవడానికే వీలైన, కుదించిన ఫైల్ సిస్టమ్) ఇమేజిగా కట్టడం సుఖం. లినక్స్ మామూలు ఫైల్ సిస్టమ్ ఈఎక్స్‌టీ4 అయితే మౌంటు చేసేటప్పుడు ‘ఆర్‌ఓ’ (రీడ్ ఓన్లీ) ఒక్కటే చాలదు, జర్నల్‌లో (మార్పుల చిట్టా) పని మిగిలుంటే రీప్లే చేస్తూ డిస్కు మీద రాసేస్తుంది. జర్నల్‌ను వదిలేసే ‘నోలోడ్’ కూడా పెట్టాలి. ఎక్కువమంది బోల్తా పడేది యూఐడీ (యూజరు నంబరు) దగ్గర. కట్టిన మెషీన్లో మైఎస్‌క్యూఎల్ యూజర్ నంబరు ఒకటి, నడిపే మెషీన్లో ఇంకొకటి అయితే ‘పర్మిషన్ డినైడ్’ అంటుంది. చౌన్ (ఫైళ్ల ఓనరును మార్చే కమాండు) కొడదామంటే కుదరదు, మళ్లీ కట్టుకోవాల్సిందే.

పిడ్ ఫైలు (సర్వరు ప్రాసెస్ నంబరుండేది), సాకెట్, ఎర్రర్ లాగ్, టెంప్ డైరెక్టరీ టీఎంపీఎఫ్‌ఎస్‌లోకి (మెమరీలోని తాత్కాలిక ఫైల్ సిస్టమ్) పోవాలి. మార్పుల లాగైన బిన్‌లాగ్ 8.0లో డిఫాల్టుగా ఆన్‌లో ఉంటుంది, ఆపాలి. టైముకు పనులు నడిపే ఈవెంట్ షెడ్యూలర్ కూడా డిసేబుల్ చెయ్యాలి. తాత్కాలిక టేబుళ్ల ఫైలు ఐబీటీఎంపీ1 దారి మాత్రం స్లాష్‌తో మొదలుపెట్టకూడదు. డేటా డైరెక్టరీ నుంచి చుక్కచుక్క స్లాష్‌లతో పైకెక్కి చూపించాలి. ఇదేం పెంకితనమో!

ఒక మార్కు కోసింది ఎందుకంటే, ఒక్క ధర మారినా ఇమేజి మొత్తం కొత్తగా కట్టాలి. రోజూ మారే సరుకుకు ఇది వద్దు. మరో డేటాబేస్ పోస్ట్‌గ్రెస్‌కు ఈ సౌకర్యం కూడా లేదు, పోస్ట్‌మాస్టర్ పిడ్ ఫైలు రాయలేక మొదట్లోనే ఆగిపోతుంది. పైన ఓవర్‌లే (రాయగలిగే పొర) వేసి మోసం చెయ్యాలి. ఒకే మెషీన్‌లో ఒకే ప్రోగ్రాం చదివేదైతే సర్వరెందుకు? సర్వరు అక్కర్లేని ఎస్‌క్యూలైట్ డేటాబేస్ ఫైలును వాల్ మోడ్ (మార్పులను పక్క ఫైలులో రాసే పద్ధతి) నుంచి డిలీట్ మోడ్‌కు మార్చి, ‘ఇమ్యూటబుల్=1’తో తెరిస్తే చాలు.